మా చర్చి స్నోబ్లోయర్‌కు నేను చేసిన మేలు

ఇరవై ఆరేళ్లు నేను చిన్న ఇంజిన్లు బాగుచేశాను. చిన్న ఇంజిన్లంటే గడ్డి కోసే లాన్ మూవర్లు, చెట్లు నరికే రంపాలు, జనరేటర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా మంచు చిమ్మే స్నోబ్లోయర్లు. వేసవిలో గడ్డి కోయకపోతే పక్కింటాయన గొణుగుతాడు, అంతే. చలికాలంలో డ్రైవ్‌వే మీద మంచు తీయకపోతే కారు కదలదు, పిల్లలు ఇంట్లోనే ఉండిపోతారు, మొగుడూ పెళ్లాం రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. అందుకే స్నోబ్లోయర్ తెచ్చేవాడి మొహం ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాడి మొహంలా ఉంటుంది.

ఈ మధ్య అమెరికాలో మా పిస్కాటవే చుట్టుపక్కల మనవాళ్ల పిల్లలు కొందరు వచ్చి, "అంకుల్, మేమూ ఈ పని నేర్చుకుంటాం" అంటున్నారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని విసుగొచ్చిందట. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి కాబట్టి సూత్రాలూ సమీకరణాలూ నా దగ్గర దొరకవు. ఈ పనిలో రోజూ వినబడే మాట ఒకటుంది: "దీనికి ఇంకాస్త పవర్ కావాలి." ఆ మాట వినగానే ఏం చేయాలో కొంత తెలుసు. ఏం చేయకూడదో మాత్రం చాలా బాగా తెలుసు. అది చేసే, మా తెలుగు చర్చిని రోడ్డున పడేయబోయాను.

వాల్టర్ అడిగే మూడు ప్రశ్నలు

నన్ను అమెరికా తెచ్చింది మా ఆవిడ సుగుణ. తను నర్సు. వీసా వచ్చినప్పుడు రెండు సూట్‌కేసులు, ఒక కుక్కర్, నేను, ఇవీ తన సామాను. మొదటి మూడు నెలలూ పనికొచ్చింది కుక్కరొక్కటే. చీరాలలో నేను పొలాల్లో నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్లు బాగుచేసేవాణ్ణి. ఆ సంగతి పట్టుకుని సుగుణ నన్ను చిన్న ఇంజిన్లు బాగుచేసే వాల్టర్ షెడ్డు దగ్గర కారులోంచి దించి, "పని దొరికితే ఫోన్ చేయండి, దొరక్కపోతే నడిచి రండి" అని వెళ్లిపోయింది.

వాల్టర్‌కు అప్పటికే అరవై దాటాయి. పొడుగ్గా, ఎండుచేపలా ఉండేవాడు. మాటలు తక్కువ. ఎడమ చేతికి రెండు వేళ్లు సగం సగమే ఉండేవి. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఎవరు ఏ మిషన్ తెచ్చినా స్పానర్ పట్టుకునే ముందు మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఆఖరిసారి ఎప్పుడు నడిచింది? దానికేం తాగించావు? నాకన్నా ముందు దీన్ని విప్పిందెవరు?

మొదటిదానికి జనం నిజమే చెబుతారు. రెండోదానికి సగం నిజం. మూడోదానికి ఎవరూ చెప్పరు. "ఎవరూ ముట్టుకోలేదు" అనేవాడి వేలికి కొత్త బ్యాండేజీ ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మందుల కంపెనీలో పనిచేసే వెంకట్ గారని ఒకాయన వచ్చారు. మిషన్ గ్యారేజీలో బ్రహ్మాండంగా నడుస్తుంది, మంచులోకి దిగిన పది నిమిషాలకు ఊపిరాడనట్టు ఆగిపోతుంది.

"విప్పారా?" అన్నాను.

"విప్పలేదండీ. ఇంప్రూవ్ చేశాను. కంపెనీవాళ్లు ఎయిర్ ఫిల్టర్ పెట్టడం మర్చిపోయారు. కార్‌కి ఉంటుంది, మూవర్‌కి ఉంటుంది, దీనికి లేదు. వాళ్లకి ఈమెయిల్ కూడా పెట్టాను."

"వాళ్లేమన్నారు?"

"రిప్లై లేదు. గిల్టీగా ఫీలవుతున్నట్టున్నారు."

పిల్లలూ, గుర్తు పెట్టుకోండి. స్నోబ్లోయర్లకు చాలావాటికి ఎయిర్ ఫిల్టర్ కావాలనే పెట్టరు. మంచులో దుమ్ము లేదు. ఫిల్టర్ పెడితే ఎగిరే మంచుపొడి దానికి అంటుకుని గడ్డకట్టి, ఇంజిన్ ముక్కు మూసేస్తుంది. వెంకట్ గారు మోటార్‌సైకిల్ ఫిల్టర్ కొని బిగించారు. ఇంకా గాలి బాగా ఆడాలని, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ చుట్టూ ఉన్న రేకు తొడుగు కూడా పీకేశారు. ఆ తొడుగు ఇంజిన్ వేడిని కార్బురేటర్ చుట్టూ నిలిపి ఉంచడానికే ఉంది. అంటే ఆయన దాని ముక్కు మూసి, స్వెట్టర్ విప్పేశారు. తొడుగు మళ్లీ పెట్టి, ఫిల్టర్ తీసి ఆయన చేతికిచ్చాను. "ఇదేం చేయను?" అన్నారు. మోటార్‌సైకిల్ కొనుక్కోమన్నాను. ఆయన నవ్వలేదు. మరుసటి ఏడు కొన్నారని మాత్రం విన్నాను.

ఇంకోరి తప్పు గురించి రాయడం ఎంత సుఖంగా ఉందో. ఇక నాది.

ట్రాక్టర్ ఉన్న సంఘం

మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ సంఘంవారి చర్చిని వాడుకుంటాం. వాళ్లు ఇరవై మంది దాకా ఉంటారు, అందరూ పెద్దవాళ్లు, సగం మంది వాకర్ అనే నడక బండి పట్టుకునే వస్తారు. వాళ్ల ఆరాధన తొమ్మిదిన్నరకు, మాది పన్నెండుకు. ఒప్పందంలో ఒక షరతు ఉంది: ఆదివారం మంచు పడితే తొమ్మిదింటిలోపు గుమ్మానికి ఎక్కే ఏటవాలు ర్యాంపూ పార్కింగూ తెలుగువాళ్లు శుభ్రం చేయాలి. దానికోసం చర్చి వెనక కొట్టులో ఒక పాత స్నోబ్లోయర్ ఉండేది.

నేను వాల్టర్ దగ్గర చేరిన కొన్నేళ్లకు, ఒక చలికాలంలో అది రెండు ఆదివారాలు మొండికేసింది. ఒకసారి స్టార్టే కాలేదు. ఇంకోసారి సగం ర్యాంపు మీద దగ్గి ఆగిపోయింది. ఆ రెండోసారి ఒక పెద్దాయన కారు దిగలేక ఇంటికి వెళ్లిపోయారు. వాళ్ల సంఘం వ్యవహారాలు చూసే డోరతీ గారు రిటైరైన స్కూలు టీచరు. మా పాస్టరు గారిని పిలిచి చెప్పారు, కోపంగా కూడా కాదు, హోంవర్కు చేయని పిల్లాడికి చెప్పినట్టు: "మూడోసారి జరిగితే హాలు వేరే సంఘానికి ఇస్తాం. ఒకరు అడుగుతున్నారు. వాళ్లకి ట్రాక్టర్ ఉంది."

ట్రాక్టర్ మాట విని పాస్టరు అయ్యగారు కుంగిపోయారు. నేరుగా మా ఇంటికి వచ్చారు.

"వందనాలు బ్రదర్. మీరున్నారన్న ధైర్యమే. ఈ హాలు పోతే నూట యాభై మందిని ఎక్కడ కూర్చోపెట్టను? మన పెద్దవాళ్లు ఇంగ్లీషు చర్చిలకి వెళ్లి ఏం పాడతారు?"

"అయ్యగారూ, నిశ్చింతగా ఉండండి. దానికి పవర్ తక్కువైంది, అంతే. నేను చూసుకుంటా" అన్నాను.

సుగుణ టీ తెస్తూ, "చూడకుండానే తెలిసిపోయిందా?" అంది.

అదీ నా తప్పు. ఊళ్లోవాళ్ల మిషన్లకు మూడు ప్రశ్నలూ అడిగేవాణ్ణి, మన చర్చి మిషన్‌కు ఒక్కటీ అడగలేదు. మనవాళ్లను ప్రశ్నలేమిటి, మర్యాదగా ఉండదు అనుకున్నాను. ఈ మర్యాద వల్ల మన దేశంలోనూ ఈ దేశంలోనూ ఎన్ని ఇంజిన్లు పోయాయో లెక్క లేదు.

నేను పెంచిన పవర్

గురువారం మిషన్‌ను వ్యాన్‌లో షెడ్డుకు తెచ్చాను. వ్యాన్ కంపు కొట్టకుండా టాంకీలో పెట్రోలు ముందే ఒక డబ్బాలోకి వంపేశాను. ఆ డబ్బా మూత తీసి వాసన చూసి ఉంటే ఈ కథే లేదు. షెడ్డులో మా తాజా పెట్రోలు పోసి స్టార్ట్ చేశాను. ఫరవాలేదు, నడిచింది. కాస్త తడబడింది.

వాల్టర్ ఆ రోజు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. షెడ్డులో నేనూ నా తెలివీ మాత్రమే ఉన్నాం.

ఇంజిన్‌కు గవర్నర్ అని ఒక ఏర్పాటుంటుంది. ఇంజిన్ హద్దుమీరి తిరగకుండా స్ప్రింగుతో పట్టి ఉంచుతుంది. ఆ స్ప్రింగు బిగిస్తే హద్దు పైకి జరుగుతుంది, వేగం పెరుగుతుంది, మోత పెరుగుతుంది, చూసేవాళ్లకు పవర్ పెరిగినట్టే ఉంటుంది. వేగం కొలిచే మీటరు పెట్టకుండా ఆ స్ప్రింగు ముట్టుకుంటే వాల్టర్ ఊరుకోడు. నేను మీటరు వెతకలేదు. చెవితో కొలిచాను. చీరాలలో చెవితోనే కొలిచేవాళ్లం, అక్కడి ఇంజిన్లు ఏనుగు లాంటివి, ఏం చేసినా భరించేవి. స్ప్రింగు బిగించగానే మిషన్ విమానంలా మోగింది. నేను పెద్ద ఇంజినీరులా నవ్వుకున్నాను.

శనివారం రాత్రంతా మంచు పడింది. ఆదివారం ఉదయం ఏడింటికి చర్చి పార్కింగ్‌లో మోకాళ్లకు కాస్త కిందిదాకా ఉంది. నేను తాడు లాగగానే మిషన్ గర్జించింది. మంచు కంచె దాటి అవతల పడుతోంది. సాఫ్ట్‌వేర్ మేనేజరు సామ్యూల్ నన్ను ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

"అన్నయ్యా, ఇది స్నోబ్లోయరా, రాకెట్టా? ఏం చేశావు?"

"ట్యూనింగ్" అన్నాను. ఆ మాట అంతకుముందెప్పుడూ అంత నెమ్మదిగా, అంత గంభీరంగా అనలేదు.

ర్యాంపు మొదట్లో, మున్సిపాలిటీ బండి తోసిపోయిన గట్టి బురదమంచు గుట్ట ఉంది. దాన్ని చీల్చుకుని అవతలికి వచ్చాం నేనూ మిషనూ. ఇంజిన్ మీద బరువు ఒక్కసారి తగ్గింది. ఇంజిన్ పిచ్చెక్కినట్టు పైకి లేచింది. పట్టి ఉంచాల్సిన స్ప్రింగును నేనే చెడగొట్టాను కదా. ఢాం అని ఒక చప్పుడు. తర్వాత చాలా ప్రశాంతత. తెల్లటి మంచు మీద నల్లటి నూనె మెల్లగా పాకింది.

సుగుణ దగ్గరికి వచ్చింది.

"ఏమైందండీ?"

"ఆగింది."

"ఆగితే నూనె ఎందుకు బయటికొచ్చింది?"

"బాగా గట్టిగా ఆగింది."

లోపల పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజిన్ గోడకు కిటికీ పెట్టింది. బొటనవేలు దూరేంత కిటికీ. సామ్యూల్ ఇంకా వీడియో తీస్తూనే ఉన్నాడు. అది ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కు ఎవరో ఒకరు వేసి చూపిస్తారు.

రత్నమ్మ గారి కానుక

టైము ఏడున్నర. వాల్టర్‌కు ఫోన్ చేశాను. ఇరవై నిమిషాల్లో వచ్చాడు. మిషన్ తెస్తాడనుకున్నాను, రెండు పారలు తెచ్చాడు. షెడ్డులో ఉన్నవన్నీ కస్టమర్లవి, అడగకుండా వాటిని వాడడు. కిటికీలోంచి ఇంజిన్ లోపలికి చూశాడు. స్ప్రింగు చూశాడు. నన్ను చూశాడు.

"విప్పిందెవరు?"

"నేను."

"ఎందుకు?"

"పవర్ తక్కువైందని."

"ఏం తాగించారు?"

అంతలో మా సంఘంలో పెద్దావిడ రత్నమ్మ గారు ఎర్ర ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని మంచులో అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు.

"ప్రైజ్ ద లార్డ్ బాబూ. మొన్న సమ్మర్లో మా మూవర్‌లో మిగిలిపోయింది. పారబోయడం ఎందుకని మిషన్‌కి తెచ్చాను. ఈసారి నాదే లేటయింది, మిగతావాళ్లంతా ముందే ఇచ్చేశారు."

"మిగతావాళ్లంతా అంటే?"

ఆవిడ మమ్మల్ని కొట్టులోకి తీసుకెళ్లారు. అరమీద వరసగా డబ్బాలు. ఒక్కో డబ్బా మీద పేరు, ఒకదాని మీద బైబిలు వాక్యం కూడా. మా సంఘంలో తినేది ఏదీ పారేయం, తాగేది ఏదీ పారేయం. వేసవి అయ్యాక ఇంటింటా మిగిలిన పెట్రోలు, అది ఎన్నేళ్లదైనా, చర్చి మిషన్‌కు కానుక. ఒక డబ్బాలో రంపానికి వేసే నూనె కలిపిన పెట్రోలు కూడా ఉంది. ఇక్కడి పెట్రోలులో ఇథనాల్ అనే మొక్కజొన్న సారా కలుస్తుంది. నెలల తరబడి ఉంటే నీటిని పీల్చుకుని, జిగురై, కార్బురేటర్ సన్నటి రంధ్రాల్లో వార్నిష్‌లా పేరుకుంటుంది. మా మిషన్‌కు జబ్బేమీ లేదు. పాచిపోయిన అన్నం పెట్టి పరుగెత్తమన్నాం. పరుగెత్తకపోతే నేను వచ్చి కొరడాతో కొట్టాను.

వాల్టర్ ఒక డబ్బా వాసన చూసి, దాని మీద వాక్యం ఏమిటని అడిగాడు. సుగుణ చదివి ఇంగ్లీషులో చెప్పింది: ఉత్సాహంతో ఇచ్చేవాణ్ణి దేవుడు ప్రేమిస్తాడు. వాల్టర్ ఆ డబ్బా మూత బిగించి, "ఇంజిన్ ప్రేమించదు" అన్నాడు. ఆయన వేసిన జోకు నా ఎరుకలో అదొక్కటే.

తర్వాత గంట సంగతి ఏం చెప్పను. పారలు నాలుగు. అయ్యగారు ఫోన్లు చేసి ముందే రప్పించినవాళ్లతో కలిపి మనుషులు నలభై మంది. వంటగదిలో ఉన్న బేకింగ్ ట్రేలు, బిర్యానీ గిన్నెల మూతలు, చివరికి పిల్లల సండే స్కూలు అట్టలు కూడా బయటికొచ్చాయి. పట్టుచీరల మీద కోట్లు వేసుకుని కోయిర్‌లో పాడే ఆడవాళ్లు ర్యాంపు గోకారు. అయ్యగారు టై భుజం మీదికి వేసుకుని పార పట్టారు. వాల్టర్ అందరికన్నా ఎక్కువ తీశాడు. తొమ్మిదింటికి ర్యాంపు నేల కనబడింది. పార్కింగు మాత్రం సగమే.

డోరతీ గారు కారు దిగి, మా చేతుల్లో మూతల్నీ, మంచు మీద నూనెనీ చూశారు. "ర్యాంపు అయింది, పార్కింగు కాలేదు. దీన్ని మూడోసారి అనాలా వద్దా నాకు తెలియడం లేదు. బుధవారం వస్తాను. ఆ మిషన్ పనిచేస్తే మాట్లాడుకుందాం" అన్నారు.

అసలు పవర్ ఎక్కడుంటుంది

ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నది నా ఇరవై ఆరేళ్లలో సగం. వాల్టర్ దగ్గర అదే సైజు పాత ఇంజిన్ ఒకటి ఉంది, తుక్కయిపోయిన మిషన్‌ది. అది మా చర్చి మిషన్‌కు ఎక్కించాం. నన్ను గద్దించలేదు. అంతకన్నా ఘోరంగా, ప్రతి పనీ నాచేత చేయించి, ఎందుకు చేస్తున్నానో పైకి చెప్పమన్నాడు.

కార్బురేటర్ విప్పి సన్నటి రంధ్రాలన్నీ శుభ్రం చేశాను. స్పార్క్ ప్లగ్ కొత్తది. చలికి చిక్కబడని పలుచటి ఆయిల్. గాలి లోపలికీ పొగ బయటికీ పంపే వాల్వుల సందు సరిచేశాను. ఇది చాలామంది పట్టించుకోరు, తాడు ఒక్క లాగుకు స్టార్టవడం మాత్రం దీనివల్లే. గవర్నర్‌ను మీటరు పెట్టి కంపెనీ చెప్పిన చోటే ఉంచాను. ఇంతటితో ఇంజిన్ పని సరి. ఉన్న పవర్‌ను తిరిగి తెచ్చుకోవడమే తప్ప లేనిది ఎక్కడినుంచీ రాదు.

ఆ తర్వాత వాల్టర్ ఇంజిన్ వదిలేసి మిషన్ ముందువైపుకి వెళ్లాడు. సాగిపోయిన బెల్టు మార్పించాడు. మంచును గొట్టంలోకి విసిరే చక్రానికీ దాని చుట్టూ ఉన్న డ్రమ్ముకూ మధ్య వేలు పట్టేంత సందుంది, సగం మంచు అక్కడే జారిపోతోంది. చక్రం రెక్కలకు గట్టి రబ్బరు ముక్కలు బిగించి ఆ సందు మూయించాడు. గొట్టం లోపల మంచు అంటకుండా సిలికాన్ స్ప్రే కొట్టించాడు. నడిపేటప్పుడు ఇంజిన్ ఫుల్ స్పీడులో ఉండాలి, మనిషే నెమ్మదిగా నడవాలి. మనవాళ్లు దీనికి పూర్తి రివర్సు: ఇంజిన్‌ను మెల్లగా పెట్టి తాము పరుగెడతారు.

ఇంకో మాట, ఇందులో హాస్యం లేదు. గొట్టంలో మంచు ఇరుక్కుంటే చెయ్యి పెట్టకండి. ఇంజిన్ ఆపి, కర్రతో పొడవండి. ఆపినా చెయ్యి మాత్రం పెట్టకండి, బిగుసుకున్న చక్రం ఇరుకు వదలగానే ఒక్కసారి తిరుగుతుంది. రబ్బరు ముక్కలు బిగిస్తున్నప్పుడు నా వేళ్లు ఎక్కడున్నాయో చూసి వాల్టర్ తన ఎడమ చెయ్యి నా మొహం ముందు పెట్టాడు. అప్పుడు తెలిసింది ఆ సగం వేళ్ల సంగతి. అవి పోయిన రోజు తానూ పవర్ పెంచుతున్నాడట.

బుధవారం

డోరతీ గారు నడక బండితో వచ్చి పార్కింగ్ మధ్యలో నిలబడ్డారు. మిగిలిపోయిన మంచు గడ్డకట్టి రాయిలా ఉంది. మిషన్ నడిపింది వాల్టరే. మోత లేదు, గర్జన లేదు. మంచు మాత్రం నేను ఆదివారం విసిరినదానికి రెట్టింపు దూరం వెళ్లి పడింది. పావుగంటలో పార్కింగు అయిపోయింది.

"ఏం మార్చారు?" అన్నారు.

"తిండి" అన్నాడు వాల్టర్.

"ఇంతకుముందు బాగుచేసింది ఎవరు?"

అయ్యగారు ఆకాశం చూశారు. సామ్యూల్ ఫోన్ చూశాడు. రత్నమ్మ గారు మాత్రం ఉన్నదున్నట్టు నన్ను చూశారు. నేను చెయ్యి ఎత్తాను, బడిలో కూడా అంత నిజాయితీగా ఎప్పుడూ ఎత్తలేదు.

డోరతీ గారు ఆ ఆదివారాన్ని మూడోసారిగా లెక్క వేయలేదు. "మూతలతో మంచు తీసినవాళ్లను పంపించేయలేను. ట్రాక్టర్ వాళ్లు ట్రాక్టర్ చెడితే ఏం చేస్తారో నాకు తెలీదు" అన్నారు. కానీ టీచరు టీచరే. మరుసటి వారం ఒప్పందం మళ్లీ టైపు చేయించి తెచ్చారు. హాలు మాదే, షరతు పాతదే. కింద కొత్తగా రెండు వాక్యాలున్నాయి. ఒకటి, ప్రకాశరావు అనే నేను స్నోబ్లోయర్ ఇంజిన్‌ను ముట్టుకోకూడదు. రెండు, దానికి కావలసిన తాజా పెట్రోలు ప్రతి నెలా ఆ ప్రకాశరావే కొనుక్కురావాలి, ఇంకెవరి దగ్గరా తీసుకోకూడదు. రెండోది వాల్టర్ చెప్పి రాయించాడట.

వాల్టర్ పోయాక ఆ షెడ్డు నేనే నడిపాను. ఊరందరి మిషన్లూ బాగుచేశాను. డోరతీ గారూ ఇప్పుడు లేరు. ఒప్పందం ఏటేటా కొత్తదవుతోంది, ఆ రెండు వాక్యాలు మాత్రం అలాగే ఉన్నాయి. తీసేయమని నేను ఒకసారి అడిగాను కూడా. తీసేయాలంటే సాక్షి సంతకం చేసినవాళ్లు ఒప్పుకోవాలన్నారు ఆ సంఘంవారు.

సాక్షి మా ఆవిడ. ఒప్పుకోదు. ఆ రోజు పెన్ను అడిగి మరీ తీసుకుంది.